కట్ట విప్పకండి, ముందు ఫొటో తీయండి

పాత కాగితాలు, తాటాకులు, ఫొటోలు, రిజిస్టర్లు ఇంట్లో పెట్టుకుని వాటిని ఏం చేయాలో తోచని పాఠకులకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నాం. ఈసారి ఉత్తరాలన్నీ గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. వానలు మొదలయ్యాక బీరువా తెరిస్తే వచ్చే ఆ ముక్క వాసన చాలామందిని కంగారు పెట్టినట్టుంది.

ప్రశ్న: మా ముత్తాత, తాత ఇద్దరూ కరణాలుగా చేశారు. పాత పెంకుటిల్లు పడగొడుతుంటే భోషాణంలో ఇరవై దాకా గుడ్డ మూటలు బయటపడ్డాయి. ఒక్కో మూటలో అన్నీ కలిసే ఉన్నాయి: శిస్తు రశీదులు, ఉత్తరాలు, కౌలు కాగితాలు, శుభలేఖలు, జాతకాలు, ఆఖరికి మందుల చీటీలు కూడా. మా బావ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఉత్తరాలన్నీ ఒక చోట, దస్తావేజులన్నీ ఒక చోట పెట్టి, మళ్లీ వాటిని ఏళ్ల వారీగా సర్దుదాం అంటున్నాడు. మొదలుపెట్టమంటారా?
— ఒక పాఠకుడు, అంబాజీపేట దగ్గర పల్లె

జవాబు: వద్దండీ. ఒక్క మూట కూడా విప్పొద్దని మీ బావగారికి నా మాటగా చెప్పండి. లైబ్రరీలో పుస్తకాలను విషయాల వారీగా సర్దడం సరైన పద్ధతే, ఎందుకంటే ఏ పుస్తకానికి ఆ పుస్తకం విడిగా అర్థమవుతుంది, ఇంకో ఊళ్లో దాని ప్రతి ఇంకోటి దొరుకుతుంది. మీ మూటల్లో కాగితాలకు రెండో ప్రతి లేదు, పైగా ఒక్కో కాగితం అర్థంలో సగం దాని పక్కనున్న కాగితంలో ఉంటుంది. ఒక మూటలో తాకట్టు పత్రం, దాని కింద కూతురి శుభలేఖ, ఆ కింద కంసాలి ఇచ్చిన చీటీ, ఇంకా కింద రెండేళ్ల తర్వాతి చెల్లు రశీదు ఉన్నాయనుకోండి. ఆ వరసలో చూస్తే పెళ్లికి ఏ చేను తాకట్టు పెట్టారో, బంగారానికి ఎంత పోయిందో, అప్పు ఎప్పటికి తీరిందో తెలిసిపోతుంది. మీ బావగారి లెక్కన సర్దితే శుభలేఖ శుభలేఖల్లోకి, తాకట్టు దస్తావేజుల్లోకి పోతాయి, ఆ నాలుగూ ఒకే పని తాలూకు కాగితాలని ఇంకెవరూ కనిపెట్టలేరు. ఏది దేని పక్కన ఉండాలో మూట కట్టిన మనిషికి తెలుసు. ఆయన ఇప్పుడు లేరు, ఆయన పెట్టిన వరస మాత్రం ఉంది.

ఇదేదో నా చాదస్తం అనుకోకండి. ఒకరి దగ్గర పుట్టిన కాగితాలను ఇంకొకరివాటితో కలపకూడదని 1841లోనే ఫ్రాన్సు ప్రభుత్వం తన జిల్లా ఆర్కైవ్స్‌కు, అంటే పాత రికార్డులు దాచే ఆఫీసులకు, సర్క్యులర్ పంపింది. కాగితాలు పుట్టిన ఆఫీసు వాటిని ఏ వరసలో ఉంచుకుందో ఆ వరసనే కాపాడాలని 1881లో ప్రష్యా ఆర్కైవ్స్ నిబంధన పెట్టుకుంది. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ రికార్డు రూములో అయినా మొదట నేర్పేవి ఈ రెండే. అంత దూరం ఎందుకు, మన కైఫియత్తులనే చూడండి. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ తరఫున ఊరూరా తిరిగిన మనుషులు కరణాల కవిలెల్లోంచి (ఊరి లెక్కల కట్టల్లోంచి), పెద్దల నోటి నుంచి రాయించుకున్న ఆ గ్రామ చరిత్రలకు ఇవాళ్టికీ విలువ ఉందంటే ఒక కారణం, ఏది ఏ ఊరిదో ఆ ఊరి పేరు మీదే నిలిచి ఉండటం. వాటినే అప్పట్లో ఎవరైనా "గుళ్ల సంగతులు", "చెరువుల సంగతులు" అని కత్తిరించి అతికించి ఉంటే మనకు మిగిలేది కథల సంచి.

మరి పని ఎలా మొదలుపెట్టాలి అంటారా. భోషాణం ఉన్నది ఉన్నట్టు ఒక ఫొటో తీయండి. తర్వాత ఒక్కో మూట తీసే ముందు అది ఎక్కడుంది, దేని పైన ఉంది అన్నది కనిపించేట్టు ఇంకో ఫొటో. మూటకో నంబరు ఇచ్చి, ఆ నంబరు చీటీ మీద రాసి తాడుకు కట్టండి, మూట గుడ్డ మీద స్కెచ్ పెన్నుతో రాయకండి. అప్పుడు ఒక మూట విప్పి, అది పూర్తయ్యేదాకా రెండోది ముట్టుకోకండి. ఇంట్లో పదిమంది కూర్చుని తలా ఒక మూట విప్పే ఉత్సాహం ఉంటుంది చూశారూ, అక్కడే సర్వనాశనం జరిగేది. కాగితాల వెనక మూలన మెత్తటి పెన్సిలుతో మూట నంబరు, వరస నంబరు వేయండి. 7/23 అంటే ఏడో మూటలో ఇరవై మూడో కాగితం. కింద గట్టి బల్ల ఉండాలి, అచ్చు పడకుండా తేలిగ్గా రాయాలి. బాల్ పెన్ను ఆ గదిలోకే రానివ్వకండి.

తుప్పు పట్టిన గుండుసూదులు కనిపిస్తే లాగకండి. పలచటి ప్లాస్టిక్ ముక్కను సూదికీ కాగితానికీ మధ్య దూర్చి, మెల్లగా ఎత్తి తీయాలి. ఆ కాగితాలు కలిసే ఉండాలి కాబట్టి వాటిని ఒక తెల్ల కాగితం మడతలో పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం వెంటనే తీసేయాల్సిందే, ఏళ్లు గడిచేకొద్దీ అది జిగురై కాగితానికి అంటుకుంటుంది. మధ్యలో వార్తాపత్రిక ముక్క ఉంటే దాన్ని మిగతావాటికి తగలకుండా విడి మడతలో పెట్టండి. న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఎక్కువ, అది పక్క కాగితానికి కూడా గోధుమ రంగు మరక పట్టిస్తుంది. స్థానం మాత్రం మార్చకండి.

ఇక జాబితా. చాలామంది "పాత ఉత్తరాలు – 1 కట్ట" అని రాసి ఊరుకుంటారు, అది రాసినా రాయకపోయినా ఒకటే. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి ఈ వర్ణనకు ఒక ప్రమాణం తయారు చేసింది, 1994లో వచ్చింది, 2000లో సవరించారు. అందులో ఇరవై ఆరు అంశాలున్నాయి గానీ తప్పనిసరి అన్నవి ఆరే: గుర్తు సంఖ్య, పేరు, కాగితాలు ఎవరివి, ఏ కాలానివి, ఎంత ఉన్నాయి, మీరు వర్ణిస్తున్నది మొత్తం సేకరణనా, ఒక వరుసనా, ఒక కట్టనా, ఒకే కాగితాన్నా. అలా రాస్తే మీ ఏడో మూట "కొబ్బరి తోటల కౌలు, బాకీల తాలూకు కాగితాలు, కట్టింది తాతగారు, 1931–1947, ఒక మూట, సుమారు 120 కాగితాలు" అవుతుంది. ఇది చదివినవాడికి మూట విప్పాలో వద్దో తెలుస్తుంది. ముందు మొత్తం భోషాణానికి ఒక పేరా రాయండి, తర్వాత మూటకు రెండు మూడు వాక్యాలు, మరీ ముఖ్యమైనవాటికి మాత్రం విడివిడిగా. ప్రతి మందుల చీటీకీ ఒక వరుస రాయాలని కూర్చుంటే మూడో మూట దగ్గర విసుగొచ్చి మానేస్తారు.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. మీవాళ్లు కరణాలు కాబట్టి ఆ మూటల్లో అడంగళ్లు, శిస్తు లెక్కలు, గ్రామ పటాలు కూడా ఉండొచ్చు. అవి కుటుంబానివి కావు, ప్రభుత్వానివి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు లెక్కలన్నీ అప్పజెప్పాల్సి ఉన్నా కొన్ని అటకల మీద మిగిలిపోయాయి. అలాంటివి కనిపిస్తే వాటి జాబితా విడిగా రాసి, ఏ మూటలోంచి తీశారో అక్కడ ఒక చీటీ పెట్టి, తహసీల్దారు ఆఫీసులో రశీదు తీసుకుని ఇవ్వండి. ఇచ్చే ముందు ఫొటోలు తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నమ్మకు ఆమె అన్నగారు రాసిన కార్డులు దొరికాయి. ఒకదాని మీద "ధాత సం॥ మాఘ బ॥ పంచమి" అని ఉంది తప్ప ఇంగ్లిషు తేదీ లేదు. పోస్టాఫీసు ముద్ర చెరిగిపోయింది. ఇంకోదాని మీద మా ఊరు కృష్ణా జిల్లా అని ఉంది, మాది పాలకొల్లు కదా! ఆయన పొరబాటున రాశారంటారా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: పొరబాటేమీ లేదమ్మా, ఆ కృష్ణా జిల్లాయే మీకు తేదీ చెబుతోంది. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేదాకా అవి అక్కడే ఉన్నాయి. మీ పాలకొల్లు అప్పుడు నరసాపురం తాలూకాలోది. అంటే రెండో కార్డు 1904కూ 1925కూ మధ్య రాసింది, కాకపోతే జిల్లా మారినా పాత అలవాటు మానని మనిషి ఓ ఏడాది రెండేళ్లు అటూ ఇటూగా రాసి ఉంటాడు.

ధాత సంగతి చూద్దాం. అరవై ఏళ్ల చక్రంలో ధాత పదోది, 1876లో ఒకసారి, 1936లో ఒకసారి, 1996లో ఒకసారి వచ్చింది. మన దేశంలో పోస్టు కార్డు మొదలైంది 1879 జూలైలో, కాబట్టి మొదటి ధాత కొట్టేయొచ్చు. 1996 కార్డయితే దాని మీద రాజు బొమ్మ ఉండదు, పిన్ కోడ్ గళ్లు ఉంటాయి (పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది), ధర పైసల్లో ఉంటుంది. మీ కార్డు మీద రాజుగారి తల ఉంటే అది 1936 నాటి ధాతే. అయినా జాబితాలో 1936 అని రాయకండి. సంవత్సరం ఉగాదికి మారుతుంది గనక ధాత మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లిషు లెక్కలో 1937 ఫిబ్రవరి–మార్చి అయిపోయింది. ఇక్కడ తప్పే వాళ్లు చాలామంది, అచ్చైన వంశ చరిత్రల్లో కూడా.

ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. శిస్తు రశీదుల మీద ఫసలీ (శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం) ఉంటే 590 కలపండి: ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. అణాలు, నయా పైసలు కలిసి కనిపిస్తున్నాయంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చిన ఆ అటూ ఇటూ కాలం. "మద్రాసు రాజధాని" (అంటే మద్రాసు ప్రెసిడెన్సీ) అని ఉందా, "ఆంధ్ర రాష్ట్రం" అని ఉందా చూడండి. రెండోది 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా మూడేళ్లే ఉంది కాబట్టి ఇంతకంటే బిగువైన తేదీ దొరకదు. మీరు ఊహించి వేసిన తేదీని మాత్రం చదరపు బ్రాకెట్లలో, ఎలా తేల్చారో ఒక ముక్క జోడించి రాయండి. కార్డు మీద ఉన్నదేదో, మీరు తేల్చిందేదో రేపు చదివేవాళ్లకు తేడా తెలియాలి.

ప్రశ్న: సర్టిఫికెట్లు, భూమి దస్తావేజులు లామినేషన్ చేయించమంటున్నారు. చేయించొచ్చా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దు. వేడి పెట్టి జిగురుతో అంటించింది మళ్లీ కాగితాన్ని చింపకుండా ఊడదు, లోపల ఆమ్లం తన పని తాను చేసుకుపోతుంది, పైగా స్టాంపు, సీలు, సంతకం చేత్తో తడిమి చూడాల్సిన అవసరం వస్తే ఆఫీసులో మీరే ఇబ్బంది పడతారు. పాలియెస్టర్ కవరులో, అంచులు మూయకుండా పెట్టుకోండి. పీవీసీ కవరు, ఆ మెత్తటి వాసన వచ్చేది, కొనకండి. సెల్లో టేపు గురించి అడగలేదు గానీ అదీ వద్దు.

ప్రశ్న: మా అత్తగారింట్లో పసుపు గుడ్డలో చుట్టిన తాటాకుల కట్టలు నాలుగున్నాయి. ఏటా సరస్వతీ పూజకు తీసి, పసుపు కుంకుమ రాసి, మళ్లీ పెడతారు. ఈసారి చూస్తే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, సన్నటి బెజ్జాలు కూడా పడ్డాయి. కిరసనాయిల్ పూయమని ఒకరు, ఎండలో పెట్టమని ఒకరు చెబుతున్నారు. ఈ మధ్య ఒకాయన వచ్చి కొంటానని కూడా అడిగాడు.
— ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: కిరసనాయిలూ వద్దు, ఎండా వద్దమ్మా. ఎండకు ఆకులోని కాస్త తేమ కూడా పోయి అప్పడంలా విరుగుతుంది. పూజ మానమని చెప్పను, ఇన్ని తరాలు ఆ కట్టలు నిలిచాయంటే ఏటా ఒకసారి ఎవరో విప్పి చూసుకోవడం కూడా ఒక కారణమే. పసుపు, కుంకుమ మాత్రం ఆకుల మీద కాకుండా పైన చెక్కకో, చుట్టిన గుడ్డకో పెట్టమనండి.

తాటాకు మీద రాయడం అంటే గీయడమే. గంటంతో గీసిన గాట్లలోకి మసి రుద్దితే అక్షరం పైకి కనిపిస్తుంది. మసి పోయి అక్షరాలు కనపడకపోయినా గాటు ఉన్నంతవరకూ చదువు పోలేదు, పక్క నుంచి వాలుగా టార్చి వేసి చూడండి. మీరు ఇంట్లో చేయగలిగింది ఇంతే: మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, తాడు కుళ్లిపోతే కొత్త నూలు తాడు వదులుగా వేయడం, గంజి లేకుండా ఉతికిన నూలు గుడ్డ చుట్టడం. ఆకులు ఒకదానికొకటి అంటుకుంటే లాగొద్దు. పరిరక్షణ పని తెలిసినవాళ్లు ఆకులను శుభ్రం చేసి పలచగా నిమ్మగడ్డి నూనె రాస్తారు, దానికి ఆకు మెత్తబడుతుంది, పురుగూ దూరంగా ఉంటుంది. ఎక్కువ రాస్తే దుమ్ము పట్టి నల్లబడుతుంది, బొమ్మలున్న ఆకుకు, సిరాతో రాసిన ఆకుకు అసలు రాయకూడదు. అందుకే చేయి తిరిగినవాళ్లకు వదిలేయమంటున్నాను. బెజ్జాల దగ్గర తాజాగా పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని అర్థం, ఆ కట్టను మిగతా మూడింటికి దూరంగా పెట్టండి.

ఆకు ఎడమ అంచున తెలుగు అంకె ఉంటుంది, ఆ వరసలో రెండు వైపులా ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. చివరి ఆకును ప్రత్యేకంగా చూడండి. రాసినవాడి పేరు, ఊరు, సంవత్సరం, తిథి చాలాసార్లు అక్కడే ఉంటాయి. మూలంలో ఎలా ఉందో అలాగే ఎక్కించాను, తప్పులుంటే నా మీద వేయకండి అనే అర్థం వచ్చే శ్లోకం కూడా తరచూ కనిపిస్తుంది. వందల ఏళ్ల కిందటి ఆ గడుసుదనం చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

కొంటానన్న మనిషికి అమ్మకండి. చరిత్ర, సాహిత్య విలువ ఉండి డెబ్బై ఐదేళ్లు దాటిన రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని ఎవరంటే వాళ్లు దేశం దాటించడానికి వీల్లేదు. ఇంట్లో ఉంచుకోలేమనుకుంటే కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం ఉంది, 1911లో మద్రాసులో పుట్టిన ఆ పరిషత్తు రాతప్రతులు సేకరించడమే పనిగా పెట్టుకున్న సంస్థ. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఎక్కడ ఇచ్చినా జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద సంతకం, సీలు వేయించుకుని తెచ్చుకోండి. కట్టలు నాలుగూ కలిపే ఉంచుతామని అందులో రాయించండి.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరద నీళ్లు ఇంట్లోకి వస్తే అన్నిటికంటే ముందు బియ్యం, గేదెలు చూసుకుంటాం, కాగితాలు ఎప్పుడూ ఆఖరే. తడిసినవాటిని తర్వాత ఎలా బాగుచేసుకోవాలి?
— ఒక పాఠకుడు, పి.గన్నవరం దగ్గర

జవాబు: బియ్యం, గేదెలే ముందు, అందులో సందేహం లేదు. అందుకే వరద రాకముందే చేసే ఏర్పాటు ఒకటుంది: ముఖ్యమైన కాగితాలన్నీ మూత గట్టిగా పట్టే ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అటక మీద, చేతికందే చోట ఉంచడం. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఊళ్లో ఉంటే అప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో అడిగి, ఆ గీతకు పైన పెట్టండి.

తడిశాక మీ చేతిలో ఉండేది రెండు రోజులు, మన ఉక్కలో ఇంకా తక్కువే. ఆ తర్వాత బూజు పడుతుంది. నీళ్లు తీసిన వెంటనే గది కిటికీలు తెరిచి, కరెంటు ఉంటే ఫ్యాన్లు వేసి, విడి కాగితాలను నీడలో, నూలు గుడ్డ మీదో అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింటు మీదో పరవండి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. ఎండలో పెడితే సిరా వెలుస్తుంది, కాగితం వంకర్లు పోతుంది. బురద పట్టిన పుస్తకాన్ని మూసి పట్టుకుని మంచినీళ్లలో మెల్లగా జాడించాలి, రుద్దకూడదు. ఫౌంటెన్ పెన్ను సిరాతో రాసినవాటిని మాత్రం నీళ్లలో పెట్టకండి. పెళ్లి ఆల్బమ్‌లో ఫొటోలు అతుక్కుపోతున్నాయంటే పూర్తిగా ఆరేలోపే శుభ్రమైన చల్లటి నీళ్లలో నాననిచ్చి విడదీసి, బొమ్మ పైకి ఉండేట్టు ఆరబెట్టండి. ఆరిపోయాక లాగితే బొమ్మ ఊడి వస్తుంది.

చాలా ఉన్నాయి, ఒక్క రోజులో కాదు అనుకుంటే ఒక కిటుకు ఉంది, ఆర్కైవ్స్ వాళ్లు కూడా చేసేదే. తడి కట్టలను కట్టలుగానే పాలిథిన్ కవర్లలో వేసి, మీద నంబరు రాసి, ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టినంత కాలం బూజు ఎదగదు, సిరా పాకదు. తీరిక దొరికినప్పుడు ఒక్కో కట్ట తీసి ఆరబెట్టుకోవచ్చు. ఊళ్లో రొయ్యల వ్యాపారం చేసేవాళ్లుంటే పెద్ద ఫ్రీజర్‌కు కొదవ ఉండదు కదా! మెరుపు కాగితం పుస్తకాలకైతే ఆలస్యం చేయకుండా ఇదే చేయాలి, ఆ పేజీలు ఒకసారి అంటుకుని ఆరాయంటే ఇటుకే. అప్పటికే బూజు పట్టినవాటిని మాస్కు లేకుండా దులపకండి, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లను ఆ దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: బీరువాలో కలరా ఉండలు వేస్తున్నాను, అయినా వెండి రంగు పురుగులు తిరుగుతున్నాయి.
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఆ పురుగుకు కావలసింది తేమ, గంజి. పుస్తకం బైండింగులో జిగురు, ఫొటో వెనక అట్ట, ఇవన్నీ దానికి భోజనమే. కలరా ఉండల వాసన కాగితాలకు పట్టి మీకు తలనొప్పి తెస్తుంది తప్ప తేమను తగ్గించదు. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి, కింద నాలుగు ఇటుకలు పెట్టండి, బాత్‌రూమ్ గోడ పక్కన ఉంటే చోటు మార్చండి. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందల్లో దొరుకుతుంది, అది 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటోందంటే బూజుకు మీరు ఆహ్వానం పంపినట్టే. పొడిగా ఉన్న రోజు చూసి తలుపులు తెరిచి గాలాడనివ్వండి, ముసురు పట్టిన రోజు తెరవకండి. ఎండిన వేపాకు, వసకొమ్ము గుడ్డలో మూటకట్టి పెట్టుకోవచ్చు, కాగితాల మధ్య విడిగా వేయకండి. వాటిని కూడా మధ్యమధ్యలో మార్చాలి, లేకపోతే ఆ ఆకుకే పురుగు పడుతుంది.

ప్రశ్న: స్వాతంత్ర్యానికి ముందు పెట్టిన మా ఊరి గ్రంథాలయంలో సభ్యుల రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, చందా రశీదులు, పాత ఉత్తరాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. కుర్రాళ్లందరం కలిసి మొత్తం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడదాం అనుకుంటున్నాం. మొదలుపెట్టి ఆరు రిజిస్టర్లు ఫోన్‌తో తీశాం కూడా. ఇంకేమైనా చూసుకోవాలా?
— కొందరు యువకులు, రామచంద్రపురం ప్రాంతం

జవాబు: గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టిన కొంకుదురు మీ వైపుదే. ఆ గాలి ఇంకా ఉందన్నమాట, సంతోషం. కానీ స్కానింగ్ కాసేపు ఆపండి. రెండు బీరువాల్లో ఏముందో ఒక జాబితా లేకుండా తీసిన ఫొటోలు నెల తిరిగేసరికి ఎవరి ఫోన్‌లో ఉన్నాయో తెలియని వేల బొమ్మలవుతాయి. ముందు అర పేరు, రిజిస్టర్ పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఎన్ని పుటలు, పరిస్థితి ఎలా ఉంది, ఇంత మాత్రం రెండు మూడు ఆదివారాల్లో పూర్తిచేయండి. 2005లో గ్రీన్, మైస్నర్ అని ఇద్దరు అమెరికన్ ఆర్కివిస్టులు ఇదే మాట గట్టిగా చెప్పారు: ప్రతి కాగితాన్నీ ముద్దు చేస్తూ కూర్చుంటే పేరుకుపోయిన కట్టలు ఎప్పటికీ జనం చేతికి రావు, అన్నిటికీ కనీస వర్ణన ముందు ఇవ్వండి, లోతు పని తర్వాత అని. వాళ్ల మాటలో కొంత అతి ఉందని నా అభిప్రాయం, మన తేమలో పిన్నులు తీయకుండా వదిలేస్తే మిగిలేది తుప్పే. కానీ వరస మాత్రం అదే సరైనది.

స్కాన్ చేసేటప్పుడు రాతకు 300 డీపీఐ, ఫొటోలకు 600 పెట్టుకోండి. అసలు ప్రతి టిఫ్‌లో దాచి, చూడటానికి జేపెగ్ చేసుకోండి. ఫైలు పేరులో రిజిస్టర్ నంబరు, పుట నంబరు ఉండాలి. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి ఊరికి బయట ఉండాలి, వరద వస్తే ఊళ్లోవన్నీ ఒకేసారి తడుస్తాయి మరి. వెతికేవాళ్ల కోసం పేర్ల రూపాలన్నీ ఇవ్వండి: రాజమండ్రి అని వెతికినా, రాజమహేంద్రవరం అని వెతికినా ఒకే రిజిస్టర్ రావాలి.

అన్నీ నెట్‌లో పెట్టడం గురించి మాత్రం కమిటీలో కూర్చుని మాట్లాడుకోండి. మినిట్స్, వార్షిక నివేదికలు, పుస్తకాల పట్టికలు నిరభ్యంతరంగా పెట్టొచ్చు. ఎవరు ఎంత బాకీ ఉన్నారు, ఎవరిని ఎందుకు సభ్యత్వం నుంచి తీసేశారు, ఎవరి కులమేమిటి అన్నవి ఉన్న పుటలు బతికున్నవాళ్ల ఇళ్లకు సంబంధించినవి కావొచ్చు. అవి గ్రంథాలయానికి వచ్చి అడిగినవాళ్లకు చూపండి, నెట్‌లో వద్దు. పాత రిజిస్టర్ల శీర్షికల్లో ఇవాళ మనం నోటితో అనని కులం పేర్లు, మాటలు కనిపిస్తాయి. వాటిని చెరపకూడదు, దిద్దకూడదు, అప్పటివాళ్లు ఏం రాశారన్నది కూడా సాక్ష్యమే. పుస్తకం అసలు శీర్షికను కోట్స్‌లో యథాతథంగా ఇచ్చి, మీ వర్ణన మీ మాటల్లో, గౌరవంగా రాయండి. ఆ రెండిటికీ తేడా తెలిసేలా ఒక వాక్యం జోడిస్తే చాలు.

ఇంకోటి, గ్రంథాలయం సావనీర్లు డీటీపీ చేయించిన పాత సీడీలు ఉంటే ముందు వాటి సంగతి చూడండి. అను ఫాంట్లలో కొట్టి పేజ్‌మేకర్‌లో పెట్టిన తెలుగు ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. పాత సిస్టమ్ ఉన్న డీటీపీ సెంటర్ ఇంకా మిగిలి ఉండగానే పీడీఎఫ్‌లు చేయించి, వీలైతే అక్షరాలను యూనికోడ్‌లోకి మార్పించండి. 1930ల నాటి మినిట్స్ పుస్తకం ఇంకో యాభై ఏళ్లు ఆగగలదు, ఆ సీడీ ఆగలేదు.

ప్రశ్న: నాన్నగారు పోయాక మేం ముగ్గురు అన్నదమ్ములం ఇల్లు, పొలం పంచుకున్నాం. ఇప్పుడు ఆయన కాగితాలు, డైరీలు, ఫొటోలు కూడా మూడు వాటాలు వేద్దామంటున్నారు మా తమ్ముళ్లు.
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పొలం మూడు ముక్కలు చేసినా ఏ ముక్కకు ఆ ముక్కే పండుతుంది, డైరీలు అలా కాదు. 1962 డైరీ ఒకరి దగ్గర, 1963 ఒకరి దగ్గర ఉంటే రెండూ చదివే మనిషి ఇక ఉండడు. అసలు కాగితాలు ముగ్గురిలో ఇల్లు పొడిగా ఉండి, ఓపిక కూడా ఉన్నవారి దగ్గర ఒకే చోట పెట్టి, అందరూ స్కాన్లు తీసుకోండి. ఎవరి వాటా భూమి దస్తావేజులు వాళ్లకు ఎలాగూ కావాలి, బ్యాంకు అప్పుకో అమ్మకానికో అసలే అడుగుతారు. అవి తీసుకెళ్లనివ్వండి, కాకపోతే తీసిన చోట ఒక చీటీ పెట్టండి: ఏ దస్తావేజు, ఏ నంబరు, ఎవరు, ఏ తేదీన తీసుకెళ్లారు అని. దాని కింద తీసుకెళ్లిన తమ్ముడి సంతకం పెట్టించండి, పెద్దాయన పెట్టమంటున్నాడేంటని వాళ్లు కాస్త మూతి ముడుచుకున్నా సరే.